శైశవమున పుట్టిన ఎగ్జిమా: దాని చిరకాల గమనము

అండమాను దీవులలో మే మాసమున మొదలైన వానలు డిసెంబరు వరకు సాగును. 2024 వరకు పోర్ట్ బ్లేయర్ అనబడిన శ్రీ విజయపురమునందును, జంగ్లీఘాట్ మొదలగు వాడలయందును శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. మూడు నాలుగు మాసముల శిశువు బుగ్గలు ఎఱ్ఱబడి, చెమ్మగిల్లి, పొలుసులు రేగినపుడు పెద్దలు దానిని గజ్జి యనియో తామర యనియో తలంతురు. గజ్జికి కారణము చర్మమును తొలుచు సూక్ష్మమైన పురుగు. తామరకు కారణము బూజు. ఆ రెండును అంటుకొనునవి. ఎగ్జిమా అంటుకొనునది కాదు. బిడ్డ నెత్తుకొనుటకు ఎవ్వరును జంకవలదు.

చర్మపు పైపొరను బిగువుగా నిలుపు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు కొందఱిలో పుట్టుకతోనే కొఱవడియుండుననియు, అట్టివారికి ఈ వ్యాధి హెచ్చుగా వచ్చుననియు 2006లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పైపొర సడలినచో లోని తేమ వెలికి పోవును. ధూళియు సబ్బును సూక్ష్మజీవులును లోనికి చొచ్చును. గాలిలో ఎంత తేమ యున్నను చర్మము పొడిగానే యుండును, పైగా చెమట దురదను పెంచును.

తొలియేట ముఖమున, నెత్తిన కనబడిన వ్యాధి రెండేండ్లు దాటిన పిదప మోచేతి మడతలకును మోకాళ్ళ వెనుకకును చేరును. కొన్నాళ్ళు తగ్గుట, మరల రేగుట దీని స్వభావము. యౌవనము నాటికి పెక్కుమందికి ఇది చాలవరకు శాంతించును. అయినను చర్మపు పొడితనము పలువురిని విడువదు. అట్టివారు పెరిగి, దినమంతయు నీటను సబ్బునను చేతులు నానునట్టి పనిలో ప్రవేశించినచో చేతులయందు వ్యాధి తిరిగి తలయెత్తవచ్చును. చేపలు శుభ్రపఱచు ఇండ్లవారు ఈ సంగతి గుర్తించుట మేలు.

పైన మందు పూసినచో వ్యాధి లోపలికి పోయి ఉబ్బసమగునని ఒక భయము కలదు. ఇది సరికాదు. ఎగ్జిమా గల బిడ్డలలో కొందఱికి తరువాత ఉబ్బసము వచ్చుట నిజమే. అది ఆ శరీరతత్త్వము వలన వచ్చునదే గాని మందు వలన కాదు. ఈ భయమున చికిత్స మాని, రాత్రులు నిదుర లేక గోకికొను పసివారి బాధ చెప్పనలవి కాదు. వైద్యుని యడుగకయే తల్లిపాలు మాన్పించుటయు, తల్లిని చేపలు, గ్రుడ్లు తినవద్దనుటయు తగని పనులు.

స్నానము కొద్దిసేపు, గోరువెచ్చని నీటితో చేయింపవలెను. సున్నిపిండితో రుద్దరాదు. ఆవనూనె ఘాటైనది గాన పనికిరాదు. తడి యొత్తిన వెంటనే వాజలీనుగాని, ఈ దీవులలో సమృద్ధిగా దొరకు స్వచ్ఛమైన కొబ్బరినూనెగాని పూయవలెను. చర్మము మంచిగానున్న దినములలోను ఇది మానరాదు. వ్యాధి రేగినపుడు వైద్యుడు స్టెరాయిడు లేపనము నిచ్చును. చెప్పినంత మేర, చెప్పినన్ని దినములు పూసినచో అది క్షేమకరము. అంగడిలో కొన్న మిశ్రమ లేపనములను నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడును. ఇట్టి అనర్థములు చూచియే ప్రభుత్వము 2018లో పలు స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని శాసించినది.

పుండ్లపై పసుపుపచ్చని పక్కులు కట్టినను, జ్వరము వచ్చినను, నొప్పిగల చిన్న పొక్కులు గుంపులుగా లేచినను ఆలస్యము చేయరాదు. ఓడకొఱకు వేచియుండవలసిన దూరపు దీవులవారు ఆ లక్షణములు కనబడిన దినముననే సమీప ఆరోగ్యకేంద్రమునకు బిడ్డను కొనిపోవలెను.