ఊరి నుంచి మొదలయ్యే జనరల్ నాలెడ్జ్: సైనిక నియామక రాతపరీక్షకు సన్నద్ధత

ఈ పాఠం చదివిన తరువాత మీరు సైనిక నియామక రాతపరీక్షలో జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు ఎలా వస్తాయో గ్రహించగలుగుతారు. తెలిసిన విషయాల నుంచి తెలియని విషయాలకు ఎలా వెళ్లాలో, పాతబడిన సమాచారాన్ని ఎలా పట్టుకోవాలో, జవాబు కచ్చితంగా తెలియనప్పుడు ఏం చేయాలో వివరించగలుగుతారు. ఉదాహరణలు ఎక్కువగా ములకలపల్లి మండలం నుంచి మొదలవుతాయి. మీది వేరే మండలమైతే ఆ స్థానంలో మీ ఊరిని పెట్టుకొని చదవండి.

పరిచయం

ములకలపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వంటి ఏజెన్సీ మండలాల్లో సైన్యంలో చేరాలనుకునేవారు చాలాకాలం పరుగు మీదనే దృష్టి పెట్టేవారు. అందుకు తగిన కారణం ఉంది. అప్పట్లో ముందు ర్యాలీ జరిగేది. 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్, వైద్యపరీక్ష దాటినవారే చివర్లో రాతపరీక్షకు కూర్చునేవారు. 2023 నుంచి ఈ వరస తిరగబడింది. ఇప్పుడు మొదట కంప్యూటర్ మీద ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతుంది. అందులో ఎంపికైనవారినే ర్యాలీకి పిలుస్తారు. అంటే ఎంత బాగా పరుగెత్తగలిగినా, రాతపరీక్ష దాటనివారికి ఆ పరుగు చూపించే అవకాశమే రాదు.

2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద సిపాయి స్థాయి నియామకాలు జరుగుతున్నాయి. అగ్నివీర్‌గా చేరినవారి సేవాకాలం నాలుగేళ్లు. ఆ తరువాత ఒక్కో జట్టులో 25 శాతం వరకు మాత్రమే శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు ఇంకో ఉపాధి చూసుకోవలసిందే. కాబట్టి ఇప్పుడు చదువుతున్న డిగ్రీని మధ్యలో వదిలేయకండి.

జనరల్ డ్యూటీ విభాగానికి పదో తరగతి అర్హత. పరీక్షలో ఒక గంటలో 50 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. జనరల్ నాలెడ్జ్, జనరల్ సైన్స్, గణితం, తార్కిక వివేచన అంశాలు. 2025 నుంచి ప్రశ్నపత్రం తెలుగుతో సహా 13 భాషల్లో వస్తోంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది చిన్న వెసులుబాటు కాదు. డిగ్రీ పూర్తిచేసినవారు యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ద్వారా అధికారి హోదాకు పోటీ పడవచ్చు. అందులోనూ జనరల్ నాలెడ్జ్ పత్రం ఉంటుంది, కానీ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తాయి. వయసు, ఎత్తు వంటి నిబంధనలను ఆయా సంవత్సరపు ప్రకటనలోనే చూసుకోండి. పాత ప్రకటనను నమ్ముకోవద్దు.

బిట్లు ఎందుకు నిలవవు?

పోటీ పరీక్షల పుస్తకాల్లో వేల కొద్దీ ఒక్క వాక్యపు ప్రశ్నలు ఉంటాయి. వరసగా బట్టీ పడితే మొదటి వంద గుర్తుంటాయి. రెండో వంద చదివేటప్పటికి మొదటివి జారిపోతాయి. ఇందులో మీ జ్ఞాపకశక్తి తప్పేమీ లేదు. ఒకదానికొకటి సంబంధం లేని విషయాలను మనసు ఎక్కువకాలం పట్టి ఉంచదు. అదే విషయాన్ని ఇదివరకే గట్టిగా తెలిసిన దేనికైనా ముడివేస్తే అది నిలుస్తుంది. మీకు అన్నిటికంటే గట్టిగా తెలిసినది మీ ఊరు.

నీటి దారి పట్టుకొని చూద్దాం. సీతారామ ఎత్తిపోతల పథకం పంప్‌హౌస్‌లలో రెండు ములకలపల్లి మండలంలోనే, పూసుగూడెం, కమలాపురం గ్రామాల దగ్గర ఉన్నాయి. వాటికి నీరెక్కడి నుంచి వస్తుంది? దుమ్ముగూడెం దగ్గర గోదావరి నుంచి. గోదావరి ఎక్కడ పుట్టింది? మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వర్ దగ్గర. పొడవు 1,465 కిలోమీటర్లు. ద్వీపకల్ప నదుల్లో ఇదే పొడవైనది. అక్కడ నుంచి ఉపనదులకు రండి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎడమవైపు నుంచి కలుస్తాయి. మంజీర, కిన్నెరసాని కుడివైపు నుంచి కలుస్తాయి. శబరి కూనవరం దగ్గర, కిన్నెరసాని బూర్గంపహాడ్ దగ్గర గోదావరిలో చేరతాయి.

ఈ ఎడమ, కుడి అన్న మాట చాలామందిని తికమక పెడుతుంది. నది పారే దిశకు ముఖం పెట్టి నిలబడితే మీ ఎడమ చేతివైపు ఉన్నదే ఎడమ ఒడ్డు. సారపాక నుంచి వంతెన మీదుగా భద్రాచలం వెళ్తున్నప్పుడు మీరు కుడి ఒడ్డు నుంచి ఎడమ ఒడ్డుకు చేరుతున్నారు. ఆ వంతెన దాటినవారికి ఈ తేడాను వేరే బట్టీ పట్టే పని ఉండదు.

ఇప్పుడు బొగ్గు. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. వాటాల్లో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. ఈ బొగ్గు గోండ్వానా శిలల్లో దొరుకుతుంది. ‘గోండ్వానా’ అన్న పేరే గోండుల నేల నుంచి వచ్చింది. అదే జిల్లాలో అశ్వాపురం దగ్గర మణుగూరు భారజల కర్మాగారం ఉంది. ఇక్కడితో జనరల్ నాలెడ్జ్ దాటి జనరల్ సైన్స్‌లోకి వచ్చేశాం. భారజలంలో మామూలు హైడ్రోజన్‌కు బదులు దాని ఐసోటోపు డ్యుటీరియం ఉంటుంది. అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించే మితకారిగా దీన్ని వాడతారు. ‘మితకారి’ అన్న పాఠ్యపుస్తకపు మాటతో పాటు ‘మోడరేటర్’ అన్న మాటనూ గుర్తుపెట్టుకోండి. ప్రశ్నపత్రం తెలుగులో ఉన్నా సాంకేతిక పదాలు ఏ రూపంలో వస్తాయో చెప్పలేం.

మూడోది చట్టం. ‘ఏజెన్సీ’ అని మనం రోజూ అనే మాట వెనుక రాజ్యాంగంలోని 244వ అధికరణం, ఐదో షెడ్యూలు ఉన్నాయి. ఆరో షెడ్యూలు అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం రాష్ట్రాల్లోని గిరిజన ప్రాంతాలకు వర్తిస్తుంది. ఈ రెండిటినీ తారుమారు చేసి అడగడం పరీక్షల్లో మామూలే. గ్రామసభకు అధికారాలిచ్చిన ‘పెసా’ చట్టం 1996 నాటిది. అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. ఇక అందరి నోటా వినిపించే ‘1/70’ అంటే 1970వ సంవత్సరపు 1వ రెగ్యులేషన్. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా అది నిషేధిస్తుంది. పోడు పట్టా కోసం తిరిగిన కుటుంబాల్లోని పిల్లలకు ఈ చట్టాల పేర్లు చెవిన పడే ఉంటాయి. సంవత్సరాలు చేర్చుకుంటే చాలు.

పదమూడు రోజుల యుద్ధం

సైనిక పరీక్ష కాబట్టి రక్షణ దళాల గురించి ప్రశ్నలు తప్పవు. ఇక్కడా అదే పద్ధతి. ఒక సంఘటనను ఎంచుకొని దాని చుట్టూ అల్లండి. నా అభిప్రాయంలో ఇందుకు 1971 యుద్ధాన్ని మించినది లేదు.

యుద్ధం డిసెంబరు 3న మొదలైంది. ఆ తొలి ఘట్టంలోనే తూర్పు సరిహద్దున గంగాసాగర్ పోరులో లాన్స్‌నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందాడు. ఆయన నేటి జార్ఖండ్‌కు చెందిన ఆదివాసీ. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరంలో మునిగిపోయింది. తూర్పు నావికాదళ ప్రధాన కేంద్రం విశాఖలోనే ఉంది. డిసెంబరు 4న మన నౌకాదళం ‘ఆపరేషన్ ట్రైడెంట్’ పేరుతో కరాచీ రేవుపై దాడి చేసింది. నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న రావడానికి కారణం ఇదే. డిసెంబరు 14న శ్రీనగర్ గగనతలంలో పోరాడి మరణించిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్, వైమానిక దళం నుంచి పరమవీర చక్ర పొందిన ఏకైక వ్యక్తి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరాకు లొంగిపోయాడు. అది విజయ్ దివస్. అదే రోజు బసంతర్ పోరులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ నేలకొరిగాడు. ఆయనకు 21 ఏళ్లు. ఆ యుద్ధంలో నాలుగు పరమవీర చక్రలు ప్రకటించగా, వాటిని అందుకున్నవారిలో మేజర్ హోషియార్ సింగ్ ఒక్కడే ప్రాణాలతో ఉన్నాడు.

రెండు వారాలైనా పట్టని ఈ కథలో అవార్డులు, తేదీలు, స్థలాలు, దళాలు అన్నీ వచ్చేశాయి. ఇక మిగతావి దీనికి తగిలించండి. అప్పటి సైన్యాధిపతి సామ్ మానెక్‌షా 1973లో భారతదేశపు తొలి ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. తొలి భారతీయ సర్వసేనాని మాత్రం కె.ఎం. కరియప్ప. ఆయన 1949 జనవరి 15న బాధ్యతలు చేపట్టిన రోజునే సైనిక దినోత్సవంగా జరుపుతారు. ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా 1986లో వచ్చింది. ‘తొలి సర్వసేనాని’, ‘తొలి ఫీల్డ్ మార్షల్’ అన్న రెండు ప్రశ్నలకు జవాబులు మార్చి రాసేవారు ఎందరో.

హోదాల్లోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. సైన్యంలో కెప్టెన్, నౌకాదళంలో కెప్టెన్ సమానం కారు. నౌకాదళపు కెప్టెన్ సైన్యంలోని కల్నల్‌కు సమానం. మూడు దళాల హోదాల పట్టికను ఒక అట్టముక్క మీద రాసి గోడకు అంటించుకోండి. చదివి నేర్చుకోవడం కంటే రోజూ చూసి నేర్చుకోవడం ఇందులో తేలిక.

గడువు తీరిన జవాబులు

అన్నలు, అక్కలు వాడిన పుస్తకాలే మన ఊళ్లలో చేతులు మారుతుంటాయి. అది మంచిదే, కానీ పుస్తకం ఏ సంవత్సరానిదో మొదటి పేజీలోనే చూడండి. మన ప్రాంతమే దీనికి పెద్ద ఉదాహరణ. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, బూర్గంపహాడ్‌లో కొన్ని గ్రామాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడి ములకలపల్లి అందులోకి వచ్చింది. కాబట్టి శబరి సంగమం ఏ రాష్ట్రంలో ఉందన్న ప్రశ్నకు పాత పుస్తకపు జవాబు ఇప్పుడు తప్పు.

తెలంగాణ జిల్లాలు పది నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. 2019 అక్టోబరు 31న జమ్ము కశ్మీర్ రాష్ట్ర హోదా పోవడంతో రాష్ట్రాలు 28 అయ్యాయి. 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, దమన్ దీవ్ ఒక్కటవడంతో కేంద్రపాలిత ప్రాంతాలు 8 అయ్యాయి. సంఖ్య, పదవిలో ఉన్న వ్యక్తి పేరు, ‘తాజా’ అన్న మాట కనిపించిన ప్రతి బిట్ పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. పరీక్షకు నెల ముందు ఆ గుర్తులున్నవాటినే కొత్త సమాచారంతో సరిచూడండి. నది పొడవు, యుద్ధం తేదీ మారవు కనుక వాటిని మళ్లీ వెదకనవసరం లేదు. ఆరు నుంచి పది తరగతుల ప్రభుత్వ సాంఘికశాస్త్ర పుస్తకాలు, ఒక దినపత్రిక, ఆకాశవాణి తెలుగు వార్తలు, ఈ మూడూ ఉంటే శిక్షణ కేంద్రం కోసం హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకోవలసిన అవసరం చాలామందికి ఉండదు.

తెలియనప్పుడు ఏం చేయాలి?

సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ‘కోత ఉంది, తెలియనివి వదిలేయండి’ అని సలహా ఇచ్చేవారు ఈ లెక్క వేసి చూడరు. మీకు ఏమాత్రం తెలియని 12 ప్రశ్నలు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి నాలుగు ఐచ్ఛికాలు. గుడ్డిగా గుర్తిస్తే సగటున 3 సరిపోతాయి, 9 తప్పుతాయి. వచ్చేది 6, పోయేది 4.5, మిగిలేది 1.5. ఇది చాలా తక్కువ, పైగా అదృష్టం మీద ఆధారపడినది. ప్రతి ప్రశ్నలో ఒక తప్పు జవాబును కొట్టేయగలిగితే 4 సరైనవి, 8 తప్పులు: 8 నుంచి 4 పోగా మిగిలేది 4. రెండు కొట్టేయగలిగితే 6 సరైనవి, 6 తప్పులు: 12 నుంచి 3 పోగా 9.

తొలి ఫీల్డ్ మార్షల్ ఎవరన్న ప్రశ్నకు కరియప్ప, మానెక్‌షా, తిమ్మయ్య, జె.ఎన్. చౌధురి అని ఐచ్ఛికాలు ఇచ్చారనుకోండి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంపై జరిగిన ఆపరేషన్ పోలోకు నాయకత్వం వహించినవాడు చౌధురి అని మీకు తెలుసు. కరియప్ప తొలి సర్వసేనాని అనీ తెలుసు. ఇద్దరు పోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకరిని గుర్తించడం ఇక గుడ్డి ఊహ కాదు. సగం తెలిసిన విషయానికి కూడా విలువ ఉందన్నమాట.

ఈ లెక్క అన్ని పరీక్షలకూ ఒకటి కాదు. కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్‌లో మూడో వంతు కోత ఉంటుంది. అక్కడ గుడ్డిగా గుర్తిస్తే సగటున మిగిలేది సున్నా. కోత ఎంతో చూశాకే మీ పద్ధతి నిర్ణయించుకోండి.

50 ప్రశ్నలకు గంట సమయం కాబట్టి ప్రశ్నకు 72 సెకన్లు. జనరల్ నాలెడ్జ్ ప్రశ్నకు అంత పట్టదు. తెలిస్తే పది సెకన్లలో తెలుస్తుంది, లేకపోతే పది నిమిషాలు చూసినా తట్టదు. అక్కడ మిగిలిన సమయాన్ని గణితానికి వాడుకోవాలి. కంప్యూటర్ అలవాటు లేనివారు పరీక్షకు ముందు కొన్నిసార్లైనా మౌస్‌తో మాదిరి పరీక్ష రాసి చూడండి. సెల్‌ఫోన్ మీద చేసిన సాధన దీనికి పూర్తిగా సరిపోదు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులను దగ్గరికి రానివ్వకండి. ఈ ఎంపికలో వారి చేతిలో ఏమీ ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పుస్తకం మూసి, ఒక్కోదానికి రెండు వాక్యాలకు మించకుండా రాయండి.

1. మీ గ్రామానికి దగ్గరలోని వాగు ఏ నదిలో, ఎక్కడ కలుస్తుంది? ఆ నది కుడి ఉపనదా, ఎడమ ఉపనదా?
2. ఐదో షెడ్యూలుకు, ఆరో షెడ్యూలుకు తేడా ఏమిటి?
3. నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న ఎందుకు జరుపుతారు?
4. మీ దగ్గరున్న జనరల్ నాలెడ్జ్ పుస్తకం తెరిచి, గడువు తీరిన జవాబులు ఐదు పట్టుకోండి. వాటి పక్కన నేటి జవాబు రాసి, తేదీ వేయండి.