షుగర్ ఉన్న మనిషి తాగి పడుకుంటే.. ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

మద్యం హరామ్ అని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా కొన్ని ఇళ్లలో తాగేవాళ్లు ఉన్నారు. పరువు పోతుందని డాక్టర్ దగ్గర కూడా ఆ మాట దాస్తారు. ఆ మనిషికి షుగర్ కూడా ఉంటే, ఇలా దాచడమే ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు ఏం జరుగుతుంది?

తాగితే షుగర్ పెరుగుతుందనే చాలామంది అనుకుంటారు. బీరుతోనో, కూల్‌డ్రింక్ కలుపుకుంటేనో ముందు పెరగొచ్చు. తర్వాత పడిపోవడమే పెద్ద ప్రమాదం. లివర్ మన ఒంటికి సేవింగ్స్ ఖాతా లాంటిది. నిద్రలో, ఆకలి వేళల్లో దాచిన చక్కెరను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. మద్యం పడితే లివర్ ముందు దాన్ని వదిలించుకునే పనిలో ఉంటుంది, చక్కెర వదలడం తగ్గిపోతుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి మాత్రం షుగర్‌ను దించుతూనే ఉంటాయి. అందుకే తాగిన 24 గంటల వరకు కూడా షుగర్ డౌన్ కావచ్చు. ఖాళీ కడుపైతే ముప్పు ఇంకా ఎక్కువ.

మత్తా, షుగర్ డౌనా?

మాట తడబడటం, తూలడం, అయోమయం, మగత రెండింటిలోనూ ఉంటాయి. చెమటలు, వణుకు కనిపిస్తే షుగర్ డౌన్ అని మరింత అనుమానించాలి. పైగా వాసన వస్తుంది కాబట్టి "తాగి పడుకున్నాడు, పొద్దున లేస్తాడులే" అని వదిలేస్తారు. అలా వదలొద్దు.

వెంటనే మీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటర్ లేక అనుమానంగా ఉంటే, స్పృహలో ఉన్నవారికి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తేరుకున్నాక రొట్టెనో అన్నమో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉందని, తాగారని రెండూ చెప్పండి.

డాక్టర్‌కు నిజం చెప్పాల్సిందే

మెట్‌ఫార్మిన్ వాడుతూ బాగా తాగితే రక్తంలో లాక్టిక్ యాసిడ్ పేరుకోవచ్చు. అరుదే గానీ ప్రాణాంతకం. లివర్ జబ్బు ఉన్నవారు, కాళ్లు తిమ్మిరెక్కేవారు అస్సలు ముట్టకూడదు. మద్యానికి సురక్షితమైన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

ఇంకో మాట. రోజూ తాగేవాళ్లలో కొందరు రంజాన్ రాగానే ఒక్కసారిగా ఆపేస్తారు. మానడం మంచిదే, కానీ బాగా అలవాటుపడ్డవారికి వణుకు, ఫిట్స్ రావొచ్చు. నెల మొదలయ్యేలోపే డాక్టర్‌ను కలిసి మానేయాలి.

తౌబా ఆ మనిషికీ అల్లాహ్‌కీ మధ్య విషయం. ఈసారి షుగర్ చెకప్‌కి వెళ్లేటప్పుడు మాత్రం మీరూ వెంట వెళ్లండి. ఆయన చెప్పలేకపోతే మీరు చెప్పండి.