హోమ్స్ అధ్యయనం

హోమ్స్ అధ్యయనం హైదరాబాదు ప్రాంతపు వృద్ధాశ్రమాలలో నివసించే, 60 సంవత్సరాలు పైబడినవారి కంటిచూపుపై జరిగిన పరిశోధన. "హైదరాబాద్ ఆక్యులర్ మార్బిడిటీ ఇన్ ఎల్డర్లీ స్టడీ" అనే పూర్తిపేరుకు ఇది సంక్షిప్త రూపం. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ దీనిని చేపట్టినది. శ్రీనివాస్ మర్మముల ఇందులో ప్రధాన పరిశోధకుడు. ఫలితాలు 2020 దశకం తొలి సంవత్సరాలలో వరుసగా వెలువడినవి. వృద్ధాప్యంలో సహజమని భావించే చూపు లోపంలో అత్యధిక భాగం నిజానికి సరిదిద్దదగినదేనని ఈ అధ్యయనం చూపినది.

నేపథ్యము

ఎల్.వి.ప్రసాద్ సంస్థను 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులోని బంజారాహిల్స్‌లో స్థాపించాడు. ఈ సంస్థ 1996 - 2000 మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో నేత్రవ్యాధుల అధ్యయనమొకటి నిర్వహించినది. హైదరాబాదు నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్ నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాలలో 10,293 మందిని పరీక్షించగా 1.84 శాతం మందిలో అంధత్వం కనిపించినది. అందులో 60.3 శాతానికి శుక్లాలు, దృష్టి దోషాలే కారణమని తేలినది. శుక్లాలకు శస్త్రచికిత్స, దృష్టి దోషాలకు అద్దాలు అప్పటికే తెలిసిన పరిష్కారాలు. కావలసినది కొత్త మందు కాదు, ఉన్న చికిత్స ప్రజల దగ్గరకు చేరడం.

ఇదే ఆలోచనతో సంస్థ తన సేవలను పిరమిడ్ ఆకారంలో అమర్చుకున్నది. అడుగున సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటరు ఉంటుంది. స్థానికంగా ఎంపికై ఒక సంవత్సరం శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్ అక్కడ చూపు పరీక్షించి, అద్దాలు రాసి, శస్త్రచికిత్స అవసరమైన వారిని పై ఆసుపత్రికి పంపుతారు. ఆ పైన సుమారు 5 లక్షల జనాభాకు ఒక ద్వితీయస్థాయి కేంద్రం ఉంటుంది. వీటిలో మొదటిది 1996లో ఆదిలాబాదు జిల్లా (ప్రస్తుతం నిర్మల్ జిల్లా) ముధోల్‌లో ఏర్పడినది.

అధ్యయన విధానము

ఇంటింటికీ తిరిగి చేసే సర్వేలలో సాధారణంగా వృద్ధాశ్రమాల నివాసులు లెక్కకు రారు. వారు ఏ కుటుంబం జాబితాలోనూ ఉండరు. హోమ్స్ అధ్యయనం ఈ లోటును పూరించడానికి ఉద్దేశించినది. ఇందులో 41 ఆశ్రమాల నివాసులను నమోదు చేసి, 1,182 మందిని పరీక్షించారు. వీరి సగటు వయసు 75 సంవత్సరాలు. వృద్ధులను ఆసుపత్రికి రప్పించకుండా, పరీక్షా బృందమే పరికరాలతో ఆశ్రమానికి వెళ్ళినది. పడిపోతామన్న భయం, మానసిక కుంగుబాటు వంటి విషయాలను కూడా ప్రశ్నావళి ద్వారా నమోదు చేశారు.

మెరుగైన కంటిలో చూపు 6/18 కంటే తక్కువగా ఉంటే దానిని చూపు లోపంగా పరిగణించారు. మామూలు చూపు గలవారు 18 మీటర్ల దూరం నుండి చదవగల అక్షరాన్ని 6 మీటర్ల దూరానికి వచ్చి గాని చదవలేకపోవడాన్ని 6/18 అంటారు. అప్పటికి అద్దాలు వాడుతున్నవారిని అద్దాలతోనే పరీక్షించారు.

ఫలితాలు

పరీక్షించినవారిలో 30.1 శాతం మందికి చూపు లోపం ఉన్నది. దీనికి ప్రధాన కారణాలు:

* శుక్లాలు - 46.3 శాతం
* సరిచేయని దృష్టి దోషం - 27.0 శాతం
* శుక్లాల ఆపరేషన్ తరువాత కృత్రిమ కటకం వెనుక ఉండే పొర మసకబారడం - 14.6 శాతం

మూడవ కారణం ప్రత్యేకంగా గమనించదగినది. ఈ లోపం ఉన్నవారు ఒకసారి ఆపరేషన్ చేయించుకున్నవారే. కొన్ని నెలలకో, సంవత్సరాలకో చూపు మళ్ళీ మందగిస్తే, ఇక చేయవలసినది ఏమీ లేదని భావించే అవకాశం ఉన్నది. వాస్తవానికి ఆ పొరను యాగ్ లేజరుతో కొద్ది నిమిషాలలో, కోత లేకుండా తెరవవచ్చును. పై మూడు కారణాలనూ కలిపితే, చూపు లోపంలో దాదాపు 88 శాతం చికిత్సకు లొంగేదే.

ఆచరణలో

ఈ ఫలితాలను బట్టి ఆశ్రమంలో చేరే సమయంలోనూ, ఆ తరువాత క్రమం తప్పకుండానూ కంటి పరీక్ష జరపడం ప్రయోజనకరం. అద్దాలు ఒకసారి ఇచ్చి ఊరుకుంటే చాలదు. అవి పగిలినా, చూపు మారినా తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. ఆపరేషన్ అయినవారిని కూడా పరీక్షల నుండి మినహాయించకూడదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వృద్ధాశ్రమాల ఏర్పాటు గురించి, ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక వరుసల గురించి పేర్కొన్నది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11లో మొదలైనది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు పథకాన్ని ప్రారంభించి, శిబిరాలలో ఉచిత పరీక్షలు జరిపి అద్దాలు పంచినది. రెండవ విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైనది. శిబిరం కొద్దిరోజులలో ముగుస్తుంది. శుక్లం మాత్రం ఏ సంవత్సరమైనా ముదరవచ్చును. అందుచేత శిబిరాలతో పాటు సమీపంలో స్థిరంగా ఉండే ప్రాథమిక కేంద్రం కూడా అవసరం.

ఇబ్బందులు

దూరం ఒక్కటే అడ్డంకి కాదు. నగరం తూర్పున ఉన్న నాగోల్, ఉప్పల్, నాచారం ప్రాంతాల నుండి బంజారాహిల్స్‌కు వెళ్ళాలంటే నగరాన్ని అడ్డంగా దాటవలసి ఉంటుంది. 2017 నవంబరులో నాగోల్ నుండి మెట్రో రైలు మొదలై, 2019లో రాయదుర్గం వరకు పూర్తి కావడంతో ఈ ప్రయాణం సులభమైనది. అయినా చూపు మందగించిన 75 ఏళ్ళ వ్యక్తి మెట్లెక్కి, దారి వెతుక్కుని ఒంటరిగా వెళ్ళడం కష్టం. తోడుగా వచ్చేవారు, ఆపరేషన్ తరువాత వేళకు చుక్కల మందు వేసేవారు ఉండాలి. ఇంటిలో పిల్లలు చేసే ఈ పనిని ఆశ్రమంలో సిబ్బంది చేయవలసి ఉంటుంది. పరీక్షా బృందమే ఆశ్రమానికి వెళ్ళే పద్ధతి ఈ ఇబ్బందిలో మొదటి సగాన్ని తీరుస్తుంది. రెండవ సగం ఆశ్రమ సంరక్షకుల శిక్షణపై ఆధారపడి ఉన్నది.