సఫారీ కెమెరా ముందు మనిషి

ఆస్ట్రేలియా టెలివిజన్‌లో మూలవాసుల గురించిన కార్యక్రమాలకు ముందు తరచు ఒక హెచ్చరిక వస్తుంది: మరణించినవారి రూపాలు, స్వరాలు ఇందులో ఉండవచ్చునని. మెల్‌బోర్న్ ఆగ్నేయ శివారు క్లైడ్ నార్త్‌లోని తెలుగువారికీ అది పరిచితమే. అనేక మూలవాసి సమాజాలలో, సంతాపకాలంలో మృతుల పేరు పలకరు, బొమ్మ చూపరు. అంటే ఛాయాచిత్రంపై అందులోని వ్యక్తి బంధువులకూ అధికారం ఉన్నట్టే.

ఆఫ్రికా సఫారీకి బయలుదేరేవారికి ఈ ఎరుక అవసరం. (స్వాహిలీలో సఫారీ అంటే ప్రయాణం, అరబ్బీ మూలం గల ఈ మాట హైదరాబాదు ఉర్దూలోని ‘సఫర్’కు చుట్టమే.) ఖడ్గమృగాన్ని ఫోనుతో చిత్రిస్తే ఆ స్థలం వివరమూ చిత్రంలో నమోదు కావచ్చు, వెంటనే నలుగురితో పంచుకుంటే కొమ్ముల వేటగాళ్ళకు దారి చూపినట్టే. మనిషి సంగతి వేరు. వాహనం కిటికీలోంచి, అడగకుండా తీసిన మసాయి కాపరి ఆల్బంలో జీబ్రాల సరసన చేరిపోతాడు. దిగి, పలకరించి, అనుమతి అడగాలి. రుసుము చెల్లించినంతమాత్రాన ప్రచురణకు ఒప్పుకున్నట్టు కాదు.

తెలుగునాట కూడా ఈ ప్రశ్న పాతదే. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో నల్లమల చెంచుల మధ్య పరిశోధన చేసి, 1943లో వారిపై గ్రంథం వెలువరించాడు. ఆయన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ భాండాగారానికి చేరాయి. పరిశోధకులకు అవి అమూల్యమే. అందులోని మనుషుల వారసులు మాత్రం తమ పెద్దల ముఖాలు చూడాలంటే సముద్రాలు దాటాలి, లేదా అంతర్జాలాన్ని ఆశ్రయించాలి. ఇప్పుడు అదే నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, సఫారీ వాహనాలు తిరుగుతున్నాయి. పులి కనిపించడం అరుదు; చెంచు పెంటలు మాత్రం ఆ అడవిలోనే ఉన్నాయి.