ఊటకాలువలో వాటా

అనంతపురం జిల్లా అనగానే కరువు అంటాం. సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చిల్లర అని భూగోళం పాఠంలో చదివి పరీక్ష రాసేస్తాం. 2022లో జిల్లాలు విడిపోయి బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా వాన మాత్రం ఆ లెక్కనే కురుస్తోంది. అయితే ఇంత తక్కువ వానతో మన పెద్దలు వరిమళ్ళు ఎలా పండించారు? ఈ ప్రశ్నకు చెరువు అని అందరూ జవాబు చెబుతారు. ఊటకాలువ అని చెప్పేవారు తక్కువ. ఈ వ్యాసం దాని గురించి.

చిత్రావతి నది నంది కొండల వైపు పుట్టి, పుట్టపర్తి, ధర్మవరం ప్రాంతాల మీదుగా వచ్చి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దానిలో కనిపించేది ఇసుకే. కాని ఇసుక కింద నీరు మెల్లగా నడుస్తూనే ఉంటుంది. నది వాలు ఎక్కువ, కాలువ వాలు తక్కువ. అందుచేత నదిగర్భంలో పైన ఒకచోట ఇసుకను లోతుగా తవ్వి, ఊట తగిలిన చోటి నుంచి తక్కువ వాలుతో కాలువ తీసుకుంటూ పోతే కొంతదూరం పోయేసరికి ఆ కాలువ గట్టుకెక్కుతుంది, మళ్ళకు పారుతుంది. ఇంజను లేదు, ఆనకట్ట లేదు. దీన్నే ఊటకాలువ అన్నారు. పెన్న, చిత్రావతి పరీవాహకంలో ఈ కాలువలు ఒకప్పుడు విరివిగా ఉండేవి. మడకశిర వైపు, ఆవల తుమకూరు వైపు ఇలాంటి ఊట నీటి వనరును తలపరిగె అంటారు.

దీనిలో చిక్కు ఒక్కటే. నదికి వెల్లువ వచ్చిన ప్రతిసారీ కాలువ తల ఇసుకతో పూడిపోతుంది. నీళ్ళు వచ్చాయని సంతోషించే రోజే కాలువ పోయే రోజు! మళ్ళీ తవ్వాలి. ఒక్కడు తవ్వలేడు, పదిమంది దిగాలి. వాటా అనే మాటకు మూలం ఇక్కడే ఉంది. కాలువ తవ్వడానికి ఇంటికి ఇన్ని ఆళ్ళు అని లెక్క. ఆళ్ళను పంపిన ఇంటికి ఆ మేరకు నీళ్ళు. పంపనివాడికి వంతు తప్పుతుంది, లేదా కూలి కట్టాలి. అంటే నీటి హక్కు కాగితంలో పుట్టినది కాదు, పారలో పుట్టినది.

ఇక పంపకం. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక కాలువకు 34 పాళ్ళు అనుకోండి. పాలుకు పదిహేను గడియలు, గడియ 24 నిమిషాలు, అంటే ఆరు గంటలు. మొత్తం 204 గంటలు, అనగా ఎనిమిదిన్నర రోజులు. ఈ అరరోజు ఎందుకు అని అడగవచ్చు. సరిగ్గా ఎనిమిది రోజులకు చుట్టు తిరిగితే రాత్రి వంతు వచ్చినవాడికి ఎప్పుడూ రాత్రే వస్తుంది. పాములు తేళ్ళ మధ్య లాంతరు పట్టుకొని మడవ కట్టడం వాడి నొసట రాసినట్లే. అరరోజు కలిపితే ఈసారి రాత్రి కట్టినవాడు వచ్చేసారి పగలు కడతాడు. ఎంత చదివినా మనకు తట్టని లెక్క ఇది! గోడ గడియారాలు లేని రోజుల్లో మన దేశంలో చాలాచోట్ల చిల్లిగిన్నె నీళ్ళలో మునిగే వ్యవధితో గడియలు కొలిచేవారు. పగటిపూట నీడ, రాత్రిపూట చుక్కలు సాయం.

పాలు అమ్ముకోవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, అన్నదమ్ములు పంచుకుంటే సగం పాలు, కాలు పాలు అవుతుంది. మన పల్లెల్లో కపిలబావుల కింద ఈ పద్ధతి నిన్నమొన్నటి దాకా నడిచింది. "ఈ బాయిలో మాకు రెండు దినాలు" అంటే బావిలో ఆస్తి అన్నమాట.

చెరువు కింద కథ కొంచెం వేరు. తూము తీసేది, మళ్ళకు నీళ్ళు కట్టేది నీరుగంటి. కూలి డబ్బు కాదు, కల్లంలో గింజలు. చాలా ఊళ్ళలో నీరుగంటి దళిత కుటుంబం వాడు. ఆయకట్టులో తనకు మడి లేదు గనుక పక్షపాతం ఉండదని పెద్దలు చెప్పే సమర్థన. అందరి మడికీ నీళ్ళు కట్టేవాడికి సొంత మడి లేకపోవడం ఈ వ్యవస్థకు బలమని రాసేవారున్నారు. నాకు మాత్రం అది దాని మచ్చ అనే తోస్తుంది. ఇక చెరువు సగమే నిండిన ఏడు ఏం చేయాలి? కోలారు వైపు చెరువుల కింద దామాషా అనే పద్ధతి ఉండేది. ఆ ఏడు ఎవరి మడి ఎక్కడున్నా తూముకు దగ్గరి భూమినే అందరూ దామాషా ప్రకారం పంచుకొని సాగు చేస్తారు. చివరి మడివాడు ఎండిపోడు, మొదటి మడివాడు మొత్తం తినడు.

రాజులు ఏం చేశారని అడిగితే, చేశారు. పెనుకొండ సీమను పాలించిన విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెన్న నీటిని తెప్పించమని ఆజ్ఞాపించగా సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుడు శిరువెర చెరువుకు కాలువ తెచ్చినట్లు 1388 నాటి శాసనం చెబుతోంది. చెరువు కట్టినవారికి, బాగుచేసేవారికి దశబంధ ఇనాములు ఇచ్చే ఆచారం రాయలసీమ అంతటా ఉండేది. కాని రోజువారీ వంతులు రాజు చూడలేదు, ఊరు చూసుకొంది. కంపెనీ ప్రభుత్వం వచ్చాక కుడిమరామత్తు సడలింది. 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆ వెట్టిని నిర్బంధం చేయవలసి వచ్చింది. ఇష్టంతో నడిచినదానికి చట్టం కావలసి వచ్చిందంటే అప్పటికే పట్టు జారిందని అర్థం.

ఇలాంటిది మన దగ్గరే ఉందనుకోనక్కరలేదు. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతుల నీటి పంచాయితీ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుంటుంది. అమెరికాలో కొలరాడో రైతులు ఇదే పనిని కంపెనీ పేరుతో చేశారు. 1870లో గ్రీలీ అనే ఊరు కట్టుకున్నవారు తామే కాలువలు తవ్వుకున్నారు. ఆ రాష్ట్రంలో చాలా కాలువలకు రైతులే వాటాదారులు. ఎన్ని షేర్లు ఉంటే ప్రవాహంలో అంత భాగం, అంత ఓటు, ఏటా మరమ్మతుకు అంత చందా. చందా కట్టకపోతే నీళ్ళు బందు. కాలువ వెంట తిరిగి గేట్లు సరిచూసే ఉద్యోగి ఒకడుంటాడు. అతడిని వాళ్ళ నీరుగంటి అనుకోవచ్చు. మనవాళ్ళు పారతో కట్టిన చందాను వాళ్ళు డాలర్లతో కట్టారు.

మరి మన ఊటకాలువలు ఏమైనట్లు? ఒక్క కారణం చెప్పలేం. ఎగువన కట్టలు లేచాయి, ఇసుక లారీలకెక్కింది. కాని అసలు దెబ్బ బోరు కొట్టింది. బోరు వేసుకున్నవాడికి పదిమంది ఆళ్ళతో పని లేదు. వాడు కాలువ పూడిక తీతకు రాడు. రానివాడు ఒకడైతే జరుగుతుంది, సగంమందైతే మిగిలిన సగం మోయలేరు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది ఊరటే, కాదనలేం. అయితే పక్కవాడి బోరు ఎండితే ఇంకా వంద అడుగులు దింపే పోటీకి అడ్డు లేకపోయింది. 2002 నాటి వాల్టా చట్టంలో బోరుకూ బోరుకూ మధ్య దూరం గురించి నియమాలున్నాయి. అమలు సంగతి పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. ఊటకాలువ నీరూ బోరు నీరూ ఒకే ఇసుక కింది నీరు. మొదటిదానికి వంతు ఉంది, రెండవదానికి లేదు.

1997లో రాష్ట్రం సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిపింది. మంచి పనే. కాని సంఘం సభ్యత్వం భూమిని బట్టి వచ్చింది, పనిని బట్టి కాదు. పూడిక తీయడం కాంట్రాక్టు పనిగా మారిన చోట రైతు చూసేవాడయ్యాడు.

దీనికి భిన్నంగా మన వైపు మదిరేపల్లిలో 2000 దశకంలో రైతులు ఒక స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో వేరే ఒప్పందానికి వచ్చారు. కొత్త బోర్లు వేయకూడదు. బోరున్నవాడు పక్కన లేనివాడికి నీళ్ళివ్వాలి. బదులుగా తుంపర సేద్యంతో నీళ్ళు ఆదా చేసుకోవాలి. బోరు లేనివాడు కొత్తది వేయడు గనుక ఉన్నవాడి బోరు ఎండదు, అదే వాడికి లాభం. చెప్పుకుంటే ఇంతే, ఒప్పించడానికి ఎన్ని రాత్రుల రచ్చబండ పట్టి ఉంటుందో ఊహించుకోవాలి.

ఇప్పుడు హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. 2012లో జీడిపల్లికి చేరాయి, తరువాత పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. చెరువులు నింపితే ముందు నింపేది ఏ ఊరి చెరువు, తూము ఎన్ని గడియలు తీయాలి, చివరి మడికి ఎవరు పూచీ అన్నది ఊళ్ళే మాట్లాడుకోవాలి. బత్తలపల్లి వైపు పల్లెల నుంచి మన కళాశాలకు వచ్చే విద్యార్థులు ఈ సెలవుల్లో ఊరి ముసలివారిని అడిగి ఏ కాలువకు ఎన్ని పాళ్ళు, ఏ పాలుకు ఎన్ని గడియలు, ఎవరి తరువాత ఎవరు అన్నది రాసుకొని వస్తే బాగుంటుంది. ఆ వరుస తెలిసినవారు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు.