ఆటగానికి మార్కులు వేయుట ఎట్లు?

వేలూరు కోట మైదానమున సాయంకాలము బంతి తన్ను పిల్లలలో మేటి యెవడని యడిగినచో, మనమందరము గోలు కొట్టినవానినే చూపుదుము. శిక్షకుడు అట్లు తొందరపడడు. బంతి తనవద్ద లేనప్పుడు ఏ పిల్లవాడు ఎచ్చట నిలుచుచున్నాడో చూచును. తొంబది నిమిషముల ఆటలో ఒక్కొక్కని కాలివద్ద బంతి ఉండునది కొద్ది నిమిషములే గదా!

జట్టు జాబితాలో పేరు లేక చిన్నబోయి యింటికి వచ్చిన కుమారునితో ఏమి చెప్పవలెనో తెలియని తల్లిదండ్రులు వేలూరునందును గుడియాత్తమునందును కలరు. పరీక్ష తప్పినచో మార్కుల పట్టిక చూచి కారణము తెలిసికొందుము. ఇచ్చట పట్టిక మన కంటబడదు. అందుచే దానిలో ఏమి వ్రాయుదురో తెలుపబూనితిమి.

శిక్షకులు సాధారణముగ బంతిపై పట్టు, ఆటను గ్రహించు తెలివి, దేహదారుఢ్యము, మనోబలము అను నాలుగింటికి వేరువేరుగ మార్కులు వేయుదురు. హాలెండు దేశపు ఆయాక్స్ క్లబ్బువారు నైపుణ్యము, గ్రహణశక్తి, వ్యక్తిత్వము, వేగము అని కొలత పెట్టుకొనిరి. ఒక్కరి కన్ను మోసపోవచ్చునని ఇద్దరు ముగ్గురు విడివిడిగ వ్రాసి, పిదప సరిచూచుకొనుటయు కలదు. గోలుకీపరుకు కొలతలు వేరు.

ఈ విద్యలో హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలపక తీరదు. ఆయన తొలుత ఉపాధ్యాయుడు. 1950 మొదలు 1963లో కన్నుమూయువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దెను. బలహీనమైన కాలితోనే ఆడవలెనని ఒక పోటీ, బంతిని దొర్లించుకొని పోరాదని మరియొక పోటీ పెట్టించెను. ఇవి పైకి వినోదము, లోన పరీక్ష. కుడికాలి నేర్పుచే కప్పబడిన లోపము అచ్చట దాగదు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో తమిళ కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరామ్‌ను గుర్తించి పైకి తెచ్చినదియు ఆయనయే. (తమిళనాట తెలుగువారమైన మనకు ఈ ముచ్చట కొంత తీపి.) 1962 జకార్తా ఆసియా క్రీడలలో, తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నేల్ సింగును ముందువరుసకు మార్చెను. ఫైనలున దక్షిణ కొరియాపై 2–1 గెలుపులో ఒక గోలు జర్నేల్ సింగుదే. ఒక స్థానమున ఆడువానిలో మరియొక స్థానపు శక్తిని కనుగొనుట ఏ పట్టికకును అందదు.

పట్టికకు ఒక పెద్ద లోపము కలదు. ఒకే వయోవర్గమున జనవరిలో పుట్టినవాడును డిసెంబరులో పుట్టినవాడును కలిసి ఆడుదురు. పదేండ్ల ప్రాయమున పదునొకండు నెలల తేడా స్వల్పము కాదు. ఎంపికకు లెక్కించు సంవత్సరపు తొలి నెలలలో పుట్టినవారే బాలుర జట్లలో ఎక్కువగ ఉందురని పలుదేశముల పరిశీలనలలో తేలినది. కావున చిన్నపిల్లల విషయమున దేహదారుఢ్యపు మార్కును మేము అంతగా నమ్మము.

మీ అబ్బాయి పేరు జాబితాలో లేనిచో, డ్రిల్లు మాష్టరుగారిని ‘ఎందుకు తీసికొనలేదు?’ అనుటకంటె ‘దేనిలో తగ్గినది?’ అని అడుగుడు. ఎడమకాలు అనిరేని, ఇంటి ప్రహరీగోడ చాలును. పొట్టివాడనిరేని, వాడు పుట్టిన నెలను వారికి జ్ఞాపకము చేయుడు.