విదేశమున చదువుచున్న బిడ్డను చూడబోవు తల్లిదండ్రులు

గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో విదేశము అను మాటకు యాభై ఏండ్లుగా ఒకటే అర్థము. తండ్రి దుబాయి పోవుట, పిల్లలు ఇంటికడ ఎదురుచూచుట. 1970వ దశకమున చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములలో కట్టడపు పనులు ముమ్మరమైన నాటినుండి మన పల్లెల మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు కామారెడ్డిలో రైలెక్కి, మన్మాడు మీదుగా బొంబాయి చేరి, అచ్చటినుండి సముద్రము దాటినారు. ఇప్పుడు ప్రయాణపు దిక్కు మారినది. బిడ్డ చదువుకై పోవుచున్నాడు, లేదా పోవుచున్నది. తల్లిదండ్రులు మానేటి ఒడ్డున ఉండిపోవుచున్నారు. ఒకటి రెండేండ్లు గడచిన పిదప, “మీరొక్కసారి వచ్చి చూసిపోండి” అని ఫోనులో పిలుపు వచ్చుచున్నది.

ఈ పిలుపును గూర్చియే మేము వ్రాయదలచినాము. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యకై రాష్ట్ర ప్రభుత్వము 2015లో ఆరంభించిన పథకము తొలుత 10 లక్షలు, తరువాత 20 లక్షల రూపాయల సాయమునకు పెరిగినది. బ్యాంకు అప్పులును సులువైనవి. కనుక గల్ఫు సొమ్ముతో కట్టిన ఇండ్లనుండియే పిల్లలు అమెరికాకు, ఇంగ్లండుకు పోవుచున్నారు. వీసా అను మాట ఆ ఇండ్లకు కొత్తది కాదు. కాని వారెరిగినది పని వీసా. కంపెనీ వీసా ఏది, ఆజాద్ వీసా ఏది అని నిద్రలో లేపి అడిగినను చెప్పగల పెద్దలు, సందర్శకుని వీసా దగ్గరకు వచ్చుసరికి తడబడుచున్నారు.

పూర్వము ఈ చిక్కే లేదు, ఏలయన ఇట్టి ప్రయాణమే లేదు. సరోజినీదేవి 1895లో, పదునారేండ్ల ప్రాయమున, నిజాం ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హైదరాబాదునుండి ఇంగ్లండు పోయి మూడేండ్లు అచ్చట ఉన్నది. ఇంటికి జాబు చేరుటకు ఓడ తపాలాయే దారియైన కాలమది. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇంకను కరుణమైనది. 1920వ దశకపు ఆరంభమున వైద్యవిద్యకై బోస్టను పోయిన ఆ మహనీయుడు మరల స్వదేశమును చూడలేదు. 1948లో న్యూయార్కున కన్నుమూసినాడు. ఆయన పరిశోధనలు లోకమునకు అందినవి గాని ఆయన ముఖము ఇంటివారికి అందలేదు. ఆనాటితో పోల్చినచో ఇరువది గంటల విమాన ప్రయాణము గొప్ప వరమే. ఐనను ఆ వరమునకు ద్వారము వద్ద ఒక పరీక్ష కలదు.

అమెరికా విషయము మొదట చెప్పుదుము, మన పిల్లలు ఎక్కువగా పోవునది అచ్చటికే గనుక. తల్లిదండ్రులకు కావలసినది బి-2 సందర్శకుని వీసా. డిఎస్-160 అను దరఖాస్తును కంప్యూటరులో నింపవలెను. ఒక్కొక్కరికి 185 డాలర్లు రుసుము, ఇది 2023 జూన్ నుండి ఉన్న రేటు; వీసా రాకున్నను ఈ సొమ్ము తిరిగి రాదు. వేలిముద్రలు ఇచ్చిన పిదప ఇంటర్వ్యూ. ఒకప్పుడు దీనికొరకు మద్రాసు పోవలసియుండెను. 2008లో హైదరాబాదున బేగంపేటలోని పైగా ప్యాలెసులో అమెరికన్ కాన్సులేటు వెలసినది. 2023 మార్చిలో అది నానక్‌రాంగూడలోని సొంత భవనమునకు మారినది. ఇంటర్వ్యూ తెలుగులో సాగించుటకు వీలున్నది. రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీపట్టి పోవుట వ్యర్థమని మా అభిప్రాయము.

ఆ కిటికీ వద్ద జరుగునది ఏమి? 1952 నాటి అమెరికా వలస చట్టములో 214(బి) అను సెక్షను ఉన్నది. సందర్శకునిగా వచ్చెదనని అడుగు ప్రతి మనిషిని, అతడు అచ్చటనే నిలిచిపోవువాడని ముందుగా భావించుడని ఆ సెక్షను అధికారికి చెప్పుచున్నది. కాదని చూపు భారము అడుగువానిది. అనగా మనవారిని ప్రత్యేకముగా అనుమానించుట కాదు, చట్టపు మొదటి వాక్యమే అట్లున్నది. ఇది తెలియని పెద్దలు, “మమ్ము దొంగలవలె చూచినారు” అని నొచ్చుకొని వచ్చుట మేమెరుగుదుము. నొప్పి నిజమే. కాని ఆ రెండు మూడు నిమిషములలో వారు చెప్పవలసినది బిడ్డ గొప్పతనము కాదు, తాము తిరిగి రావలసిన ఇంటి సంగతి.

మన ప్రాంతపు తండ్రులు ఇచ్చటనే ఒక మంచి సాక్ష్యమును మరచుచున్నారు. పదునైదేండ్లు షార్జాలోనో మస్కట్‌లోనో పనిచేసి, రెండేండ్లకొకసారి సెలవుపై వచ్చి, తుదకు ఇల్లు చేరినవాడు, పరదేశమునుండి తిరిగివచ్చు అలవాటు కలవాడని అతని పాత పాస్‌పోర్టులలోని ముద్రలే చెప్పును. వాటిని పెట్టె అడుగున దాచి, గల్ఫులో కూలి చేసినానని చెప్పిన చులకన అగుదునని భయపడి, “వ్యాపారము” అని చెప్పువారున్నారు. ఆ అబద్ధము అవసరము లేనిది, అపాయకరమైనది కూడ. ఏజెంటు సమకూర్చిన భూమి కాగితములు, అరువు తెచ్చి బ్యాంకులో చూపిన నిలువ కూడ అట్టివే. మోసమని తేలినచో ఆ తలుపు జీవితాంతము మూసికొనిపోవచ్చును.

ఇంకొక సందేహము తరచు విందుము. పదవ తరగతి చదువని తల్లి పాస్‌పోర్టుపై ఇసిఆర్ అని ఉండును గదా, ఆమె పోవచ్చునా అని. నిస్సందేహముగా పోవచ్చును. 1983 నాటి వలస చట్టము క్రింద ఆ ముద్ర 18 దేశములకు కూలికై, ఉద్యోగమునకై పోవువారికి మాత్రమే సంబంధించినది. అమెరికా ఆ జాబితాలో లేదు.

ఇక ఎప్పుడు పోవలెను? ఈ ప్రశ్నపై మేము కొంత నిక్కచ్చిగా చెప్పదలచితిమి. చేరిన మొదటి ఏడు వలదు. అచ్చటి చదువు ఆగస్టులో ఆరంభమగును. సెమిస్టరు నడుచు దినములలో విద్యార్థికి కన్నెత్తి చూచు తీరిక ఉండదు. రెండు గదులలో నలుగురు సర్దుకొనియుందురు. తల్లికి చోటు చేయుటకు ఒక స్నేహితుడు మరొకరి ఇంట తల దాచుకొనవలెను. పట్టాల ఉత్సవము సాధారణముగా మే నెలలోనో డిసెంబరులోనో జరుగును. రెండు మూడు వారములకు పోవుటకు అదియే తగిన సమయము, కారణము చెప్పుటకును సులువు. ఐతే 2022, 2023 సంవత్సరములలో ఇంటర్వ్యూ తేదీకే నెలలకొలది కాచుకొనవలసివచ్చినది గనుక ఉత్సవమునకు చాల ముందుగనే దరఖాస్తు పెట్టుట మేలు.

ఖర్చును గూర్చి దాపరికమేల? ప్రభుత్వ సాయము విద్యార్థి చదువుకు గాని తల్లిదండ్రుల టిక్కెట్లకు కాదు. చదువు అప్పు తీరకముందే రెండవ అప్పు చేసి పోవుటను మేము సమర్థింపలేము. ఫోనులో ముఖము చూడగల కాలమిది. ఉద్యోగము దొరకి మొదటి జీతములు చేతికందు వరకు ఓపిక పట్టుట బిడ్డకును మంచిది, పెద్దలకును మంచిది.

అన్నింటికంటె చిక్కైన మాట వేరొకటి కలదు. గల్ఫుకు పోయిన తండ్రులలో కొందరు, ఎవరిదో కారు ప్రక్కన నిలిచి తీయించుకొన్న ఫోటోను ఇంటికి పంపుట మన తరము చిన్ననాట చూచినదే. ఎనిమిది మంది ఉన్న లేబర్ క్యాంపు గది ఆ ఫోటోలో ఉండదు. నేడు కొడుకులు అదియే చేయుచున్నారు. మంచు, వంతెన, విశ్వవిద్యాలయపు గోపురము ఫోటోలో వచ్చును. రాత్రి పదకొండింటికి భోజనశాలలో పళ్ళెములు కడుగుట రాదు. చట్టము ప్రకారము ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థి చదువు నడుచు కాలమున వారమునకు ఇరువది గంటలు ప్రాంగణములోనే పని చేయవచ్చును. అందు అవమానమేమియు లేదు. అనుమతి లేక బయట పనిచేయుట మాత్రము వీసాకే ముప్పు. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఈ రెండును బయటపడును. వచ్చిన మూడవనాటికి తల్లికి అంతయు తెలిసిపోవును, వంటయింటి డబ్బాలే చెప్పివేయును.

మాకు తెలిసిన ఒక కుటుంబమున ఇట్లే జరిగినది. తండ్రి పన్నెండేండ్లు గల్ఫులో హోటలు వంటయింట పనిచేసినవాడు. కొడుకు తాను లైబ్రరీలో పనిచేయుచున్నానని చెప్పియుండెను. పట్టా ఉత్సవమునకు పోయిన తండ్రి, కొడుకు చేతులను చూచి, “బేటా, ఈ చేతులు పుస్తకాలు పట్టిన చేతులు కావు, సబ్బునీళ్ళలో నానిన చేతులు. నాకు తెలువదా?” అన్నాడట. కొడుకు తల వంచుకొన్నాడు. ఆ రాత్రియే తండ్రి తన క్యాంపు సంగతులు, అంతవరకు భార్యకు సైతము చెప్పనివి, ఒక్కటొక్కటిగా చెప్పినాడని ఆ తల్లి మాతో చెప్పినది. “ఇద్దరూ ఒకరికొకరు దాచుకున్నరు సార్, నన్ను మధ్యల పెట్టి” అని ఆమె నవ్వినది.

కనుక విద్యార్థులారా, టిక్కెట్టు కొనుటకు ముందే మీ గది ఎట్లున్నదో, పని ఏదో ఇంటికి తెలుపుడు.

అచ్చట పగలు గడచుట తల్లులకు కష్టము. బిడ్డ కళాశాలకు పోవును. బస్సు లేని పేటలలో కాలు బయట పెట్టుటకు వీలుండదు. ప్రక్కింటివారు పలుకరించి నవ్వుదురే గాని కూర్చుండరు. గంభీరావుపేటలో గుమ్మము దాటిన పదిమంది పలుకరించు స్త్రీకి అది జైలు వలె తోచును. నమాజుకు ఖిబ్లా అచ్చట ఈశాన్యమునకు ఉండునని తెలిసి మన పెద్దలు మొదట నమ్మరు, ఇచ్చట పడమటికి తిరిగిన జన్మ గదా! భూగోళమును చేతబట్టి దారము పరచి చూపినచో సందేహము తీరును. వేసవిలో ఇషా ఆలస్యము, ఫజర్ తొందర. నిదుర తక్కువగుటకు సిద్ధపడవలెను.

ఆరోగ్య బీమా లేక పోరాదు. అచ్చట ఒక్క రాత్రి ఆసుపత్రి పడక మన ఊరి ఇంటి వెలను మింగగలదు. సందర్శకుల బీమాలు చాలవరకు పాత జబ్బులకు వర్తింపవు. చక్కెర, రక్తపోటు ఉన్నవారు షరతులు చదివించుకొని కొనవలెను. మందులు డాక్టరు చీటీతో, అసలు పట్టీలలోనే ఉంచుకొనవలెను.

ఇతర దేశములను గూర్చి రెండు మాటలు. బ్రిటనులో సందర్శకుని వీసాపై సాధారణముగా ఆరు నెలల వరకు ఉండవచ్చును. జర్మనీకి షెంగెన్ వీసా. 180 దినములలో 90 దినములు మించరాదు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కెనడాలో తల్లిదండ్రులకు సూపర్ వీసా అని ఒకటి కలదు గాని అది పౌరులు, స్థిరనివాసుల తల్లిదండ్రులకే. విద్యార్థి తల్లిదండ్రులు మామూలు సందర్శకుని వీసానే అడుగవలెను.

అమెరికా వీసా పదేండ్లకు ఇచ్చినను పదేండ్లు ఉండుమని అర్థము కాదు. దిగిన విమానాశ్రయములో అధికారి వ్రాసిన ఐ-94 తేదీయే లెక్క. అది మామూలుగా ఆరు నెలలు. వీసా తేదీని చూచి ఈ తేదీని మరచువారు కలరు.

శంషాబాదునుండి బయలుదేరినవారు చాలమంది దోహాలోనో, అబూధాబీలోనో, దుబాయిలోనో విమానము మారవలసియుండును. మొదటిసారి విమానమెక్కు తల్లికి వీల్‌చైరు ముందుగా అడిగి ఉంచుట మంచిది, నడువలేక కాదు, దారి తప్పకుండుటకు. తండ్రి గల్ఫులో పనిచేసినవాడైనచో ఆ మూడు నాలుగు గంటలు బిడ్డ ఫోనులో దారి చెప్పనక్కరలేదు. అరబ్బీ ఆయనకు వచ్చును.